పసిపిల్లల పేగు, రాయవేలూరు సందులు: డాక్టర్ గగన్‌దీప్ కాంగ్ పరిశోధన గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చంటిబిడ్డకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఇంట్లో తలా ఒక మాట అంటారు. పళ్లొస్తున్నాయని అమ్మమ్మ, దిష్టి తగిలిందని పక్కింటావిడ, తల్లికి పాలు పడలేదని ఇంకొకరు. అసలు బిడ్డ పేగులో ఏం జరుగుతోందని అడిగి, జవాబు కోసం ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి చూసిన వాళ్లు మన దేశంలో కొద్దిమందే. వాళ్లలో డాక్టర్ గగన్‌దీప్ కాంగ్ ఒకరు. ఆమె పని గురించీ, ఆ పనికీ మన ఇంట్లో బిడ్డకూ ఉన్న సంబంధం గురించీ మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను.

గగన్‌దీప్ కాంగ్ ఎవరు?

1962లో సిమ్లాలో పుట్టారు. తండ్రి రైల్వే ఇంజనీరు. బదిలీలతో పాటే బడులూ మారుతూ పెరిగారు. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్, తర్వాత అక్కడే మైక్రోబయాలజీలో ఎండీ, ఆపైన పీహెచ్‌డీ చేశారు. కొంతకాలం అమెరికాలోని హ్యూస్టన్‌లో, పసిపిల్లలకు విరేచనాలు తెచ్చే రోటావైరస్ పరిశోధనలో పెద్ద పేరున్న మేరీ ఎస్టెస్ దగ్గర పనిచేసి తిరిగి వేలూరు వచ్చేశారు. 2016 నుంచి 2020 వరకు ఫరీదాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థకు నాయకత్వం వహించారు. 2019లో లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. ఆ సొసైటీ మూడున్నర శతాబ్దాల చరిత్రలో ఆ గౌరవం దక్కిన తొలి భారతీయ మహిళ ఆమే. ఇప్పుడు గేట్స్ ఫౌండేషన్‌లో పనిచేస్తున్నారు.

కోవిడ్ రోజుల్లో టీవీ చర్చల్లో చూసి చాలామంది ఆమెను కరోనా నిపుణురాలనుకుంటారు. అంతకు ముందు పాతికేళ్లపైగా ఆమె చూసింది పసిపిల్లల మలం నమూనాలు. ఈ మాట చెబితే కొందరు ముఖం చిట్లిస్తారు. మాటలు రాని బిడ్డ పేగు తన సంగతి చెప్పుకోవడానికి ఉన్న దారి అదొక్కటే.

ఇదంతా వేలూరులోనే ఎందుకు జరిగింది?

మనవాళ్లు రాయవేలూరు అని పిలుచుకునే ఊరే ఇది. చిత్తూరు, తిరుపతి వైపు నుంచి పెద్ద జబ్బు చేస్తే ఇవాళ్టికీ బస్సెక్కేది అక్కడికే. ఐడా స్కడర్ 1900లో మొదలుపెట్టిన చిన్న వైద్యశాల పెరిగి ఇంత ఆసుపత్రి అయింది. పేగు జబ్బుల మీద పరిశోధన అక్కడ పాత సంప్రదాయం. సెల్విన్ బేకర్, వి.ఐ. మాథన్ లాంటి డాక్టర్లు 1960ల నుంచే, దక్షిణాది పల్లెల్లో మనుషులను ఎముకల గూళ్లుగా మార్చే దీర్ఘకాలపు విరేచనాల జబ్బును ఊరూరా తిరిగి అధ్యయనం చేశారు.

ఇంకో పాత చిక్కుముడి కూడా ఆ ఊళ్లోనే బయటపడింది. పోలియో చుక్కలు పాశ్చాత్య దేశాల పిల్లల్లో పనిచేసినంతగా మన పిల్లల్లో పనిచేయడం లేదని 1970లలోనే అక్కడి వైరాలజిస్ట్ టి. జాకబ్ జాన్ చూపించారు. అందుకే మనకు మూడు చుక్కల మోతాదులు సరిపోక, పల్స్ పోలియో ఆదివారాలు అన్ని చేయాల్సి వచ్చింది. నోటిద్వారా ఇచ్చే టీకా మన పేగుల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు బలం కోల్పోతోంది? కాంగ్ పరిశోధన అంతటికీ వెన్నెముక ఈ ప్రశ్నే.

రోటావైరస్ అంత ప్రమాదకరమా? పిల్లలకు విరేచనాలు మామూలే కదా?

మామూలే అనుకోబట్టే ఇన్ని ప్రాణాలు పోయాయి. టీకా రాకముందు మన దేశంలో రోటావైరస్ వల్ల ఏటా దాదాపు 78,000 మంది అయిదేళ్లలోపు పిల్లలు చనిపోయేవారని అంచనా. ఆసుపత్రిలో చేరేవాళ్లు ఎనిమిది లక్షల పైనే.

1973లో ఆస్ట్రేలియాలో రూత్ బిషప్ బృందం ఈ వైరస్‌ను పిల్లల పేగు కణాల్లో మొదటిసారి చూసింది. సూక్ష్మదర్శినిలో బండి చక్రంలా కనిపించడంతో ఆ పేరొచ్చింది. చిన్నపేగు లోపలి గోడ మీద మఖమల్ గుడ్డ నూగులా సన్నని వేళ్లలాంటి భాగాలుంటాయి. తిన్నదాన్నీ తాగినదాన్నీ పీల్చుకునేవి అవే. వైరస్ వాటి కొసల్లోని కణాలను చంపేస్తుంది. పీల్చుకునేవాడు లేక నీళ్లన్నీ కిందికి పోతాయి. కడివెడు నీళ్లున్న పెద్దవాళ్ల ఒంటికి అది కొంత తట్టుకోగల నష్టం. చెంబెడే ఉన్న బిడ్డ ఒక్క పూటలో వడలిపోతుంది.

పళ్ల సంగతి కూడా ఇక్కడే చెబుతాను. పళ్లొచ్చే వయసూ, పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసూ ఒకటే. విరేచనాలు తెచ్చేది చేతికి అంటిన క్రిమి. పన్ను మీద నెపం వేసి రెండు రోజులు ఊరుకుంటే ఆ రెండు రోజులే బిడ్డకు కీలకమవుతాయి.

వేలూరు సందుల్లో వాళ్లు చేసిన పని ఏమిటి?

నా దృష్టిలో ఆమె పనంతటిలో గొప్పది ఇదే. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

చిన్నల్లాపురం, రామనాయకన్‌పాళయం, కస్పా. వేలూరులో ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండే పేటలివి. ఆడవాళ్లు గుమ్మాల్లో కూర్చుని బీడీలు చుడతారు. 2002, 2003లలో అక్కడ పుట్టిన 452 మంది పిల్లలను పుట్టిన రోజు నుంచే అధ్యయనంలో చేర్చుకున్నారు. క్షేత్ర సిబ్బంది వారానికి రెండుసార్లు ప్రతి ఇంటికీ వెళ్లారు. జబ్బు ఉన్నా లేకపోయినా రెండు వారాలకోసారి మలం నమూనా తీసుకున్నారు. ఇలా మూడేళ్లు. చివరిదాకా నిలిచినవాళ్లు 373 మంది. ఆసుపత్రిలో కూర్చుని వచ్చిన రోగులను లెక్కపెడితే తెలిసేది ముదిరిన జబ్బు ఒక్కటే. ఏ లక్షణమూ లేకుండా వచ్చిపోయే ఇన్‌ఫెక్షన్ తెలియాలంటే ఇలా గడప గడపా తొక్కాల్సిందే.

2011లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆరు నెలలు నిండేసరికే 56 శాతం పిల్లలకు రోటావైరస్ సోకింది. ఒకసారి వచ్చిపోయిన పిల్లలకే మళ్లీ మళ్లీ వచ్చింది. అంతకు ముందు 1996లో మెక్సికోలో 200 మంది పిల్లలతో ఇలాంటి అధ్యయనమే జరిగింది. అక్కడ రెండుసార్లు సోకిన బిడ్డకు ఆపైన తీవ్రమైన జబ్బు రానే లేదు. వేలూరులో మూడుసార్లు సోకిన తర్వాత కూడా రక్షణ 79 శాతమే.

దీని అర్థం చాలా లోతైనది. టీకా అంటే ప్రకృతి నేర్పే పాఠాన్ని ప్రమాదం లేకుండా నేర్పడం. ఈ పేటల్లో ప్రకృతి మూడుసార్లు నేర్పినా పాఠం పూర్తిగా ఒంటబట్టలేదు. ఇక ఏ టీకా అయినా ఇక్కడ నూటికి నూరుపాళ్లు పనిచేస్తుందని ఆశించలేం. టీకా పరీక్షల ఫలితాలు రాకముందే వేలూరు పిల్లలు ఆ కబురు చెప్పేశారు.

రోటావైరస్ టీకా రోటావాక్‌లో ఆమె పాత్ర ఏమిటి? హైదరాబాద్‌కు ఏమిటి సంబంధం?

రోటావాక్ ఒక్కరి చేతి పని కాదు. 1980ల నడుమ ఢిల్లీ ఎయిమ్స్‌లో అప్పుడే పుట్టిన పిల్లల్లో ఏ జబ్బూ చేయకుండా ఉన్న ఒక రోటావైరస్ రకాన్ని డాక్టర్ ఎం.కె. భాన్ బృందం గుర్తించింది. దాని పేరు 116ఈ. దాన్ని టీకాగా మలిచి తయారుచేసింది హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్. చివరి దశ పరీక్షలో ఢిల్లీ, పుణె, వేలూరులలో కలిపి 6,799 మంది పసిపిల్లలు పాల్గొన్నారు. వేలూరు భాగాన్ని నడిపింది, ప్రయోగశాల పరీక్షల్లో పెద్ద వాటా మోసింది కాంగ్ బృందం.

2014లో అనుమతి వచ్చింది. 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మిగతావి ఒడిశా, హర్యానా, హిమాచల్‌ప్రదేశ్. 2019లో దేశమంతటికీ విస్తరించారు. సీరం ఇన్‌స్టిట్యూట్ వారి రోటాసిల్ కూడా ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది.

ఆ టీకా సగమే పనిచేస్తుందట. మరి వేయించడం దేనికి?

తీవ్రమైన రోటావైరస్ జబ్బు నుంచి రక్షణ 50 శాతం పైచిలుకు. ఈ అంకె విని పెదవి విరిచేవాళ్లు ఎక్కువ. వాళ్లకు నేను చెప్పేది ఒకటే లెక్క. టీకా లేకపోతే సెలైన్ ఎక్కించాల్సిన స్థితికి వచ్చే వందమంది పిల్లల్లో సగానికి పైగా ఇంట్లోనే ఆడుకుంటూ ఉంటారు. జబ్బు లక్షల్లో ఉన్న దేశంలో సగం తగ్గడమంటే, అరుదుగా వచ్చే దేశంలో 90 శాతం తగ్గిన దానికంటే ఎక్కువమంది ప్రాణాలతో ఉండటం.

ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చాక కూడా లెక్క చూశారు. తొమ్మిది రాష్ట్రాల ఆసుపత్రుల్లో విరేచనాలతో చేరిన పిల్లల్లో రోటావైరస్ వాటా 40 శాతం నుంచి 20 శాతానికి దిగింది. పరీక్షల్లో చూసిన రక్షణే వీధుల్లోనూ కనిపించింది. టీకాల విషయంలో ఇది ప్రతిసారీ జరిగే సంగతి కాదు.

ఒకే రోటావైరస్ టీకా ఐరోపాలో బాగా పనిచేసి మన దగ్గర తగ్గడానికి కారణం?

ఒకే కారణం దొరకలేదు. దొరికినవి కొన్ని ఉన్నాయి.

భారత్, మలావీ, బ్రిటన్ మూడు చోట్లా ఒకే టీకా వేసి, ఒకే పద్ధతిలో పరీక్షించిన ఒక అధ్యయనం 2021లో వచ్చింది. మన వైపు నుంచి వేలూరు పిల్లలు 307 మంది. తేలింది ఇది: తల్లి రక్తంలో, పాలల్లో రోటావైరస్‌ను ఎదిరించే యాంటీబాడీలు ఎక్కువుంటే బిడ్డలో టీకా అంతగా పట్టడం లేదు. తల్లి జీవితమంతా ఆ వైరస్ మధ్యే గడిపింది కాబట్టి బిడ్డకు కవచం కట్టి పంపుతుంది. టీకాలో ఉన్నది బలహీనపరిచిన వైరస్ కదా, ఆ కవచం దాన్నీ అడ్డుకుంటుంది. బ్రిటన్ తల్లుల్లో యాంటీబాడీలు ఇంచుమించు అంతే ఉన్నా అక్కడ టీకా వైరస్ పేగులో బాగానే పెరిగింది. కాబట్టి తల్లి కవచం ఒక్కటే కారణం అని చెప్పి ఊరుకోలేం.

రెండోది పేగులోని సూక్ష్మజీవుల సమూహం. దీన్ని విడిగా చెప్పాలి.

పేగులో ఎన్ని రకాల బ్యాక్టీరియా ఉంటే అంత మంచిది అంటారు కదా?

పెద్దవాళ్ల విషయంలో ఆ మాట చాలావరకు నిజం. కొన్ని వారాల బిడ్డ విషయంలో తిరగబడుతుంది. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ పేగులో మొదట్లో కొద్ది రకాలే ఉండాలి. ముఖ్యంగా బిఫిడోబ్యాక్టీరియా అనేవి. తల్లిపాలలో బిడ్డ అరిగించుకోలేని ప్రత్యేకమైన చక్కెరలుంటాయి. అవి ఈ బ్యాక్టీరియా కోసం పెట్టిన భోజనం.

ఆ అధ్యయనంలో భారత్, మలావీ రెండు చోట్లా, పేగులో సూక్ష్మజీవుల వైవిధ్యం ఎక్కువున్న పసిపిల్లల్లో టీకా స్పందన తక్కువగా ఉంది. చుట్టూ ఉన్న మురుగు, ఈగలు, పశువులు, ఇరుకు గదుల వల్ల పుట్టిన వారాల్లోనే రకరకాల క్రిములు పేగులో చేరిపోతాయి. వాటితో రోజూ తలపడే పేగుగోడ సన్నగా వాచి ఉంటుంది. మఖమల్ నూగు పొట్టిదవుతుంది. బిడ్డ పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది గానీ తిన్నది ఒంటికి పూర్తిగా పట్టదు. ఎన్నో ఇళ్లలో ‘ఎంత పెట్టినా ఒళ్లు చేయడం లేదు’ అనే మాట వెనక ఇది కూడా ఉండవచ్చు.

ఒకటి గుర్తుంచుకోండి. సూక్ష్మజీవుల వైవిధ్యం, టీకా స్పందన తగ్గడం, ఇవి రెండూ కలిసి కనిపించాయని తెలిసింది. ఒకటి రెండోదానికి కారణమని నిరూపణ కాలేదు. కాంగ్ ఈ తేడాను ఎప్పుడూ దాటరు. నేనూ దాటను.

తల్లిపాలు టీకాకు అడ్డమైతే, వేసే ముందు పాలు ఆపాలా?

ఆపకండి. చుక్కలకు ముందూ వెనకా కాసేపు పాలు ఆపి చూసిన పరీక్షలు ఢిల్లీలోనూ వేరే దేశాల్లోనూ జరిగాయి. టీకా ఏమీ మెరుగుపడలేదు.

తల్లిపాల గురించి వేలూరులో ఇంకో ఆశ్చర్యమైన సంగతి తేలింది. అక్కడి నర్సరీల్లో అప్పుడే పుట్టిన పిల్లలకు సోకే ఒక ప్రత్యేక రోటావైరస్ రకం ఉంది. పశువుల వైరస్‌తో బంధుత్వం ఉన్నది. కొందరు శిశువుల్లో అది ఏ లక్షణమూ చూపదు, కొందరికి జబ్బు చేస్తుంది. ఎందుకని చూస్తే, జబ్బుపడిన శిశువుల తల్లుల పాలలో ఇందాక చెప్పిన చక్కెరల్లో కొన్ని ఎక్కువగా ఉన్నాయి. ప్రయోగశాలలో ఆ చక్కెరలు ఆ రకం వైరస్ కణంలోకి దూరడానికి తోడ్పడ్డాయి. హ్యూస్టన్, వేలూరు బృందాలు కలిసి 2018లో దీన్ని ప్రచురించాయి. ఇది చదివి పాలు మానేయాలనుకుంటే పొరపాటు. ఒక నిర్దిష్ట వైరస్ రకానికి, పుట్టిన తొలి రోజులకు మాత్రమే చెందిన సంగతి ఇది. తల్లిపాలు మానితే వచ్చే జబ్బుల జాబితా ముందు ఇది లెక్కలోది కాదు. కానీ పేగులో ఎవరు ఎవరికి సాయం చేస్తారో ముందే ఊహించలేమని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

యాంటీబయాటిక్ ఇచ్చి పేగు శుభ్రం చేసి, అప్పుడు టీకా వేస్తే?

ఈ ఆలోచన వేలూరు బృందానికీ వచ్చింది. ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకు మూడు రోజులు అజిత్రోమైసిన్ ఇచ్చి, తర్వాత పోలియో చుక్కలు వేసి చూశారు. 2016లో ఫలితం వచ్చింది. పేగులో హానికర బ్యాక్టీరియా తగ్గింది. టీకా స్పందన పెరగలేదు. అందంగా కనిపించిన ఊహ ఒకటి ఓడిపోయింది. ఓడిందని దాచకుండా అచ్చువేయడం వల్లే, ఇంకెవరూ ఆ పేరుతో పిల్లలకు అనవసరంగా యాంటీబయాటిక్ ఇవ్వాల్సిన పని లేకపోయింది.

విరేచనాలకు ‘మంచి బ్యాక్టీరియా’ ఉండే ప్రోబయాటిక్ పొడులు రాస్తున్నారు. వాడాలా?

అమెరికా, కెనడాలలో వందలాది పిల్లల మీద జరిగిన రెండు పెద్ద పరీక్షలు 2018లో వచ్చాయి. ప్రోబయాటిక్ ఇచ్చిన పిల్లలకూ ఉత్తుత్తి పొడి ఇచ్చిన పిల్లలకూ తేడా కనబడలేదు. ఆ డబ్బుతో జింక్ మాత్రలు, ఓఆర్ఎస్ కొనండి.

అలాగని ప్రోబయాటిక్ ఎక్కడా పనిచేయదని అనను. ఒడిశా పల్లెల్లో 4,556 మంది నవజాత శిశువులతో పినాకి పాణిగ్రాహి బృందం చేసిన పరీక్ష 2017లో వచ్చింది. ఎంచుకున్న ఒక లాక్టోబాసిల్లస్ రకాన్నీ, దానికి ఆహారమయ్యే చక్కెరనూ కలిపి పుట్టిన తొలి రోజుల్లో మొదలుపెట్టి ఏడు రోజులు ఇస్తే, సెప్సిస్ (ఒళ్లంతా పాకే ప్రమాదకర ఇన్‌ఫెక్షన్), మరణాలు కలిపి 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గాయి. ఏ రకం, ఏ వయసులో, దేనికోసం అన్నది తేలకుండా ‘మంచి బ్యాక్టీరియా’ అని అమ్మేదాన్ని నమ్మకండి. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు, మజ్జిగ పెద్ద పిల్లలకు హాయిగా పెట్టండి. అది భోజనం, మందు కాదు.

నీళ్లు శుభ్రంగా ఉంటే ఇవేవీ రావు కదా?

చాలా వస్తాయి. వేలూరులోనే క్రిప్టోస్పోరీడియం అనే పరాన్నజీవి విషయంలో, శుద్ధిచేసిన బాటిల్ నీళ్లు తాగిన పిల్లలనూ మునిసిపాలిటీ నీళ్లు తాగిన పిల్లలనూ పోల్చి చూశారు. ఇన్‌ఫెక్షన్లలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నీళ్లొక్కటే దారి అయితే తేడా రావాలి. నేల, చేతులు, గిన్నెలు, పక్కింటి పిల్లాడు అన్నీ దారులే. రోటావైరస్‌కు టీకా కావాల్సి వచ్చింది కూడా అందుకే. నీటి వసతి బాగున్న దేశాల్లోనూ ఇంచుమించు ప్రతి బిడ్డకూ అది సోకేది.

టీకా వల్ల పేగు మెలిక పడుతుందని విన్నాం.

పేగులో ఒక భాగం పక్క భాగంలోకి దూరిపోవడం గురించి మీరు విన్నది. ఆ భయానికి చరిత్ర ఉంది. 1998లో అమెరికాలో వచ్చిన తొలి రోటావైరస్ టీకాను ఈ కారణంగానే ఏడాది తిరిగేసరికి ఉపసంహరించారు. మన టీకా మీద అదే కన్ను పెట్టి పది రాష్ట్రాల్లో 27 ఆసుపత్రుల్లో ఇలాంటి 970 మంది పిల్లల వివరాలు సేకరించారు. టీకా తర్వాత ప్రమాదం పెరిగిన జాడ లేదు. బిడ్డ ఉండుండి కాళ్లు ముడుచుకుని కెవ్వుమని ఏడ్చినా, మలంలో ఎర్రని జిగట కనిపించినా, టీకా వేయించినా వేయించకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

టైఫాయిడ్ మీద కూడా పనిచేశారా?

చేశారు. ఢిల్లీ, కోల్‌కతా, పుణె, వేలూరులలో 24,062 మంది పిల్లలను చూసిన అధ్యయనం అది. పట్టణ పేటల్లో లక్షమంది పిల్లల్లో ఏటా 576 నుంచి 1,173 మందికి టైఫాయిడ్. పుణె దగ్గరి పల్లెలో 35. పట్నం, పల్లె మధ్య ఇంత తేడా చూసి నేను నివ్వెరపోయాను.

మలం నమూనా పంపితే పేగులోని సూక్ష్మజీవుల ‘మైక్రోబయోమ్ రిపోర్టు’ ఇస్తామంటున్నారు. చేయించాలా?

వద్దు. ఆ రిపోర్టులోని అంకెను బట్టి మీ బిడ్డకు ఏం చేయాలో చెప్పగల శాస్త్రం ఇంకా తయారు కాలేదు.

సరే, ఇప్పుడు ఇంట్లో బిడ్డకు విరేచనాలు మొదలయ్యాయి. ఏం చేయాలి?

ఓఆర్ఎస్ పాకెట్ మొత్తాన్నీ లీటరు తాగునీటిలో ఒకేసారి కలపండి. సగం పాకెట్ సగం లీటరులో అని కొలిస్తే ఉప్పు ఒక పక్కకు, చక్కెర ఒక పక్కకు పోవచ్చు. కలిపింది 24 గంటలే వాడాలి. రెండేళ్లలోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో నెమ్మదిగా పట్టండి. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలుపెట్టండి. పాలు ఆపవద్దు, అన్నం ఆపవద్దు. జింక్ రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల పిల్లలకైతే 10, పద్నాలుగు రోజులపాటు. విరేచనాలు తగ్గాయని మధ్యలో మానకండి.

కొనేటప్పుడు చూసి కొనండి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని చక్కెర దండిగా ఉన్న తియ్యటి డబ్బా పానీయాలు ఏళ్ల తరబడి మందుల షాపుల్లో అమ్మారు. చక్కెర ఎక్కువైతే పేగులోకి ఇంకా నీళ్లు లాగి విరేచనాలు పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద పట్టు వదలకుండా పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, ఆహార పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని పాకెట్ మీద ఉందేమో చూడండి. పీహెచ్‌సీలో, ఆశా దగ్గర ఉచితంగా ఇచ్చేది అదే.

కళ్లు గుంటలు పడినా, మాడు లోపలికి పోయినా, ఆరు గంటలుగా ఒంటికి పోయకపోయినా, మలంలో రక్తం ఉన్నా, బిడ్డ మగతగా ఉన్నా ఇంట్లో ఉండకండి.

మా పాపకు ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు తప్పిపోయాయి. ఇప్పుడు ఏడో నెల. వేయిస్తారా?

వేస్తారు. ప్రభుత్వ కార్యక్రమంలో రోటావైరస్ మొదటి మోతాదును బిడ్డకు ఏడాది నిండేలోపు ఎప్పుడైనా మొదలుపెట్టవచ్చు. తర్వాతి రెండూ నాలుగేసి వారాల ఎడంతో వేస్తారు. ఏడాది దాటితే ఇక మొదలుపెట్టరు. తల్లీబిడ్డల కార్డు తీసుకుని ఈ వారమే మీ ఏఎన్ఎం దగ్గరికి వెళ్లండి.